విశాఖ ఉప్పుటేటి ఒండ్రు చెప్పు చరిత్ర

ఏరు సముద్రములో కలియు చోటును మనవారు మొగ అందురు. అక్కడ రెండు నీళ్ళు ఎదురుపడును. ఒకటి కొండలనుండి మట్టిని మోసికొని వచ్చు మంచినీరు. రెండవది పోటుతో లోనికి వచ్చి ఆటుతో వెనుకకు పోవు ఉప్పునీరు. ఈ రెండును కలిసినచోట ప్రవాహవేగము తగ్గును. వేగము తగ్గిన నీరు తాను మోయుచున్న బరువును దింపును. అట్లు దిగినదే ఒండ్రు. అది ఏటేట పొరపై పొరగా పేరుకొని, పైన ఉన్న ప్రాంతములో మనుష్యులు చేసిన పనులకు ఒక లెక్కను దాచియుంచును. విశాఖపట్టణపు రేవు అట్టి మొగలోనే పుట్టినది. కనుక దాని చరిత్ర కాగితములపైననే గాక, అడుగున ఉన్న నల్లని బురదలో కూడ వ్రాయబడి ఉన్నది. ఆ బురదలో చేరిన జింకు, సీసము, రాగి, కాడ్మియము మొదలగు భారలోహములే అందలి అక్షరములు.

రేవు పుట్టుక

యారాడ కొండ సముద్రములోనికి చొచ్చుకొని పోయిన కొనకు డాల్ఫిన్స్ నోస్ అని పేరు. ఆ కొన చాటున పూర్వము ఒక ఉప్పుటేరు సముద్రములో కలియుచుండెను. దాని వెనుక విశాలమైన చిత్తడినేల, మడచెట్లు ఉండెడివి. పోటువేళ ఆ నేల నీట మునిగెడిది. ఆటువేళ బురదయై బయటపడెడిది. మేహాద్రిగెడ్డయు, మరికొన్ని చిన్న గెడ్డలును ఆ చిత్తడిలోనికి ప్రవహించెడివి. గెడ్డ యనునది ఉత్తరాంధ్రమున చిన్న ఏటికి పేరు.

పంతొమ్మిదవ శతాబ్దములో ఇక్కడికి వచ్చు ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసెడివి. సరకును పడవలలో అటు ఇటు చేరవేసెడివారు. 1890 దశకములో విజయనగరము ప్రాంతమున మాంగనీసు గనుల పని ఆరంభమయ్యెను. మధ్యపరగణాల మాంగనీసును విదేశములకు పంపుటకు కూడ తూర్పు తీరమున ఒక మంచి రేవు కావలసివచ్చెను. ఈ ఉప్పుటేటి మొగలో రేవు నిర్మింపవచ్చునని బ్రిటిష్ నౌకాశాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ చేసిన సూచనను మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట గాని ప్రభుత్వము అంగీకరింపలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు 1927 నుండి 1933 వరకు నిర్మాణము సాగించిరి. డ్రెడ్జర్లతో చిత్తడిని త్రవ్వి లోతుచేసి, ఆ మట్టితో పల్లపు నేలలను మెరక చేసిరి. రేవు ముఖమున అలల తాకిడిని ఆపుటకు రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా నిలిపిరి. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అను ఓడ మొదటగా లోనికి వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవునకు ప్రారంభోత్సవము చేసెను.

ఇందు గమనింపదగిన విషయములు రెండు. మొదటిది, ఈ రేవు లోహఖనిజము కొరకే పుట్టినది. రెండవది, దీని గొప్పతనమంతయు నిశ్చలమైన నీటిలో ఉన్నది. కొండ చాటున, సన్నని ప్రవేశమార్గము వెనుక, మూడు పాయలుగా భూమిలోనికి చొచ్చుకొనిపోయిన లోపలి రేవులో తుపానుదినములందు కూడ ఓడలు నిశ్చింతగా నిలువగలవు. కాని అలలను రానీయని మార్గము మలినమును కూడ త్వరగా పోనీయదు. ఏ నెమ్మది ఓడలకు క్షేమమో, ఆ నెమ్మదియే ఒండ్రు పేరుకొనుటకు అనుకూలము. విశాఖ రేవు కథయంతయు ఈ ఒక్క సత్యముపై ఆధారపడియున్నది.

లోహము అడుగునకు దిగు విధము

నీటిలో కరగిన లోహము అడుగునకు ఎట్లు చేరును? దీనికి ప్రధానమైన కారణములు మూడు.

మొదటిది రేణువుల సన్నదనము. ఒక మిల్లీమీటరు భుజము గల ఘనమును తీసికొందము. దాని ఉపరితల వైశాల్యము 6 చదరపు మిల్లీమీటర్లు. దానినే మిల్లీమీటరులో వెయ్యవవంతు భుజము గల చిన్న ఘనములుగా కోసినచో, అవి నూరుకోట్లు అగును. వాటి మొత్తము వైశాల్యము 6,000 చదరపు మిల్లీమీటర్లు. పదార్థము అంతే, వైశాల్యము మాత్రము వెయ్యిరెట్లు. కనుకనే ఇసుకకంటె సన్నని బంకమట్టి లోహములను అధికముగా పట్టుకొనును. మట్టిరేణువులపై పూతవలె ఉండు ఇనుము, మాంగనీసు ఆక్సైడులును, కుళ్ళిన సేంద్రియ పదార్థమును ఈ పట్టును ఇంకను హెచ్చించును.

రెండవది ఉప్పు. బంకమట్టి రేణువులకు ఋణవిద్యుత్తు ఉండును. అందుచేత మంచినీటిలో అవి ఒకదానినొకటి వికర్షించుకొనుచు తేలియాడుచుండును. సముద్రజలములోని లవణములు ఈ వికర్షణను తగ్గించును. అప్పుడు రేణువులు, నిమ్మరసము తగిలిన పాలు విరిగినట్లు, గుంపులు కట్టి అడుగునకు దిగును. తమతో లోహములను కూడ తీసికొనిపోవును. దీనిని తరగతిలో చూపుట సులభము. రెండు గాజుగ్లాసులలో నీరు పోసి, ఒకే పరిమాణముగా మెత్తని బంకమట్టి కలిపి, ఒక దానిలో రెండు చెంచాల ఉప్పు వేసి బాగుగ కలియబెట్టవలెను. కొంతసేపటికి ఉప్పు వేసిన గ్లాసులోని నీరు ముందుగా తేటపడుట విద్యార్థులు చూడగలరు. మొగలో ప్రతిదినమును జరుగు పని ఇదియే.

మూడవది గంధకము. పట్టణపు మురుగునీటితో వచ్చు సేంద్రియ పదార్థమును తినుచు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును ఖర్చుచేయును. అది అయిపోయిన పిమ్మట, మరియొక జాతి సూక్ష్మజీవులు సముద్రజలములోని సల్ఫేటులనుండి ఆమ్లజనిని లాగుకొని బ్రతుకును. ఆ పనిలో హైడ్రొజన్ సల్ఫైడు పుట్టును. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన దానిదే. అది ఇనుముతో కలిసి బురదను నల్లగా చేయును. జింకు, సీసము, రాగి, కాడ్మియములతో కలిసి నీటిలో కరగని సల్ఫైడులుగా మారును. జింకు గనిలో దొరకునది కూడ ముఖ్యముగా సల్ఫైడు రూపముననే. మనుష్యుడు ఎంతో ఇంధనము ఖర్చుచేసి గంధకమునుండి విడదీసిన లోహములో వ్యర్థముగా పోయిన భాగము రేవు అడుగున మరల గంధకముతో చేరి నిద్రించుచున్నది.

పొరపై పొర

రేవు ఏర్పడిన పిమ్మట దాని చుట్టును పరిశ్రమలు ఒకటొకటిగా వెలసెను. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా నౌకానిర్మాణ కేంద్రమునకు పునాదిరాయి వేసిరి. అక్కడ తయారైన 'జల ఉష' అను ఓడను 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించిరి. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారమును, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారమును పని ప్రారంభించినవి. 1960 దశకములో బైలడిల్లా ఇనుపఖనిజము జపానుకు ఎగుమతియగుట మొదలయ్యెను. 1976లో బయటి రేవు ఏర్పడెను. 1977లో హిందుస్థాన్ జింక్ వారి కర్మాగారము వచ్చెను. ఇవిగాక, పట్టణము పెరిగినకొలది మురుగుకాలువలును పెరిగెను.

ఏ లోహము ఎక్కడనుండి వచ్చునో కొంతవరకు ఊహింపవచ్చును. జింకు ఖనిజములో కాడ్మియము, సీసము సహజముగా కలిసియుండును. ఎరువునకు వాడు ఫాస్ఫేటు రాతిలో కూడ కాడ్మియము స్వల్పముగా ఉండును. ఓడల అడుగున నత్తలు, నాచు పట్టకుండ పూయు రంగులలో రాగి ఉండును. ఒకప్పుడు వాటిలో త్రిబ్యుటైల్ టిన్ అను తగరపు సమ్మేళనమును కూడ వాడెడివారు. అది ఆలుచిప్పలకు, నత్తలకు మిక్కిలి హాని చేయుటచే 2008 నుండి అంతర్జాతీయ ఒప్పందముచే నిషేధింపబడెను. వీధులపై పడిన సీసమునకు మూలము వాహనముల పెట్రోలు; మన దేశమున సీసము కలిపిన పెట్రోలు 2000 సంవత్సరమున పూర్తిగా ఆగిపోయెను. ఓడలకెత్తునపుడు, దింపునపుడు ఖనిజముల ధూళి గాలిలో లేచి నీటిలో పడును. కనుక బురదలోని లోహమంతయు ఒక్కరి వాకిటనుండి వచ్చినదని చెప్పుట శాస్త్రసమ్మతము కాదు.

ఇక్కడ ఉక్కు కర్మాగారమును గూర్చి ఒక మాట. దానికి 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావు జాతికి అంకితము చేసిరి. విశాఖకు ఉక్కునగరమను పేరు దానివలన వచ్చినది. కాని అది యారాడ కొండలకు దక్షిణమున, వేరొక తీరమున ఉన్నది. గెడ్డల వాలును పటముపై చూడక, ఒకచోటి బురదకు మరియొకచోటి కర్మాగారమును బాధ్యునిగా చేయరాదు. ఒండ్రును చదువుటలో భూగోళశాస్త్రమే మొదటి పాఠము.

చదివినవారు

ఈ తీరమున ఒండ్రును చదువుట కర్మాగారములకంటె ముందే ఆరంభమయ్యెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్ర శాఖను తీర్చిదిద్దిన ఆచార్య సి. మహాదేవన్, ఎం. పూర్ణచంద్రరావుతో కలిసి తూర్పుతీరపు సముద్రగర్భమునందలి ఒండ్రులను పరిశీలించి, 1954లో ఆ విశ్వవిద్యాలయము ప్రచురించిన సముద్రశాస్త్ర సంపుటములో ఆ ఫలితములను ప్రకటించెను. అమెరికానుండి వచ్చిన ఆచార్య యూజీన్ లఫాండ్ 1950 దశకములో ఇక్కడ సముద్రశాస్త్ర పరిశోధనకు గొప్ప చేయూతనిచ్చెను. నాటివారి దృష్టి కాలుష్యముపై లేదు. ఇసుక ఎక్కడ, బంకమట్టి ఎక్కడ, అవి ఏ రాళ్ళనుండి వచ్చినవి యనునదే వారి ప్రశ్న. అయినను ఈ ప్రశ్నకు సమాధానము తెలియనిదే తరువాతి ప్రశ్న వేయుటకే వీలులేదు.

ఆ తరువాతి ప్రశ్నను 1970 దశకములో జంతుశాస్త్రజ్ఞులు వేసిరి. ఆచార్య పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ విశాఖ రేవు కాలుష్యముపై 1973లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారు నీటిని మాత్రమేగాక, బురదలో బ్రతుకు పురుగులను కూడ పరిశీలించిరి. కాలుష్యము హెచ్చినచోట జీవజాతుల సంఖ్య తగ్గిపోయి, కాపిటెల్లా కాపిటాటా వంటి ఏ కొద్ది జాతులో విపరీతముగా పెరుగును. నీరు నేడు ఒకవిధముగాను రేపు ఒకవిధముగాను ఉండవచ్చును. బురదలోని పురుగు మాత్రము అక్కడనే పుట్టి అక్కడనే చచ్చును గనుక అది కదలని సాక్షి. ఈ పరిశీలన అంతటితో ఆగలేదు. 23 సంవత్సరముల పరిశోధనను సమీక్షించుచు రామన్ 1995లో మరియొక వ్యాసము వ్రాసెను. రసాయనశాస్త్రజ్ఞులు రేవులోని లోహములను కొలిచిరి. లోపలి రేవు ఒండ్రులో ఈ లోహములు హెచ్చుగా ఉండి, బయటి సముద్రమువైపు పోవుకొలది తగ్గుచున్నట్లు ఈ పరిశోధనల సారాంశము.

కొలత యందలి మెలకువ

'బురదలో జింకు ఉన్నది' అని చెప్పినంత మాత్రమున ఏమియు చెప్పినట్లు కాదు. జింకు లేని మట్టి లేదు. ట్యురేకియన్, వెడెపోల్ అను శాస్త్రజ్ఞులు 1961లో ఇచ్చిన పట్టిక ప్రకారము, సగటు బంకరాతిలో కిలోగ్రామునకు జింకు 95, రాగి 45, సీసము 20, కాడ్మియము 0.3 మిల్లీగ్రాములు ఉండును. విశాఖ వెనుకనున్న తూర్పు కనుమలలో ఖోండలైటు, చార్నకైటు అను రాళ్ళు ఉన్నవి. మాంగనీసు నిక్షేపములును ఉన్నవి. కనుక ఇక్కడి మట్టిలో మాంగనీసు కొంత హెచ్చుగా కనబడినచో దానిని వెంటనే కాలుష్యమని పిలువరాదు. ప్రకృతి ఇచ్చిన దానిని మొదట తీసివేసి, మిగిలినదే మనుష్యుడు చేర్చినదని గ్రహింపవలెను.

1969లో ముల్లర్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికొక సులభమైన సూచికను చెప్పెను. కొలిచిన పరిమాణమును సహజ పరిమాణమునకు ఒకటిన్నర రెట్లతో భాగించి, వచ్చిన దానికి 2 ఆధారముగా సంవర్గమానము కట్టవలెను. ఒకచోట జింకు 285 మిల్లీగ్రాములు ఉన్నదనుకొందము. 95ను ఒకటిన్నరతో గుణింపగా 142.5, దానితో 285ను భాగింపగా 2, సంవర్గమానము 1. అదే 570 ఉన్నచో సూచిక 2. 1,140 ఉన్నచో 3. అనగా సూచిక ఒక మెట్టు ఎక్కినపుడెల్ల లోహము రెట్టింపగుచున్నది. సున్న గాని, అంతకు తక్కువ గాని వచ్చినచో కాలుష్యము లేదని భావింతురు.

పొరల వయస్సును కనుగొనుటకు కూడ ఉపాయము కలదు. గాలిలోని రేడాన్ వాయువు క్షీణించుటవలన సీసము-210 అను రేడియోధార్మిక సీసము పుట్టి, వానతో నేలపై పడి ఒండ్రులో చేరును. సుమారు 22 సంవత్సరములకొకమారు అది సగమగును. 110 సంవత్సరములలో ముప్పదిరెండవవంతు మిగులును. గొట్టముతో నిలువుగా తీసిన బురదకడ్డీలో ఇది ఎంత లోతున ఎంత మిగిలినదో కొలిచి, ఆ పొర ఎన్నడు పడినదో లెక్కింతురు. విశాఖ రేవు వయస్సు ఇంచుమించు ఈ కొలబద్దకు సరిపోవునంతయే. కాని ఒక చిక్కు ఉన్నది. ఓడలు తిరుగు మార్గమును మాటిమాటికి త్రవ్వుచుందురు. త్రవ్విన చోట పుస్తకపు పుటలు చినిగిపోవును. ఎన్నడును త్రవ్వని అంచులలో, మడచెట్ల మొదళ్ళ యొద్ద మాత్రమే పుటలు వరుసతప్పక ఉండును. ఆ కొద్దిపాటి చిత్తడిని కాపాడుట వృక్షములకేగాక చరిత్రకును అవసరము.

త్రవ్వినపుడు

రేవు బ్రతుకవలెనన్న పూడిక తీయక తప్పదు. 1976లో స్థాపింపబడిన భారత డ్రెడ్జింగ్ కార్పొరేషన్ కార్యస్థానము విశాఖయే యగుట ఉచితముగా ఉన్నది. తీసిన పదార్థము రెండు రకములు. తీరమువెంట కొట్టుకొనివచ్చి రేవు ముఖమున చేరు ఇసుక ఒకటి. దానిని పట్టణపు సముద్రతీరము కోసుకొనిపోకుండ అచ్చట పోయుదురు. ముతక ఇసుక లోహమును అంతగా పట్టుకొనదు గనుక అది మేలైన పద్ధతి. లోపలి రేవు నల్లబురద వేరు. ప్రాణవాయువు సోకనంతకాలము దానిలోని సల్ఫైడులు కదలవు. త్రవ్వి, నీటిలో కలచి, గాలి తగులనిచ్చినచో, అవి క్రమముగా ఆమ్లజనితో చేరి సల్ఫేటులగును. జింకు, కాడ్మియము సల్ఫేటులు నీటిలో కరగును. నిద్రించుచున్న లోహము మేల్కొనుట యనగా ఇదియే.

మేల్కొన్న లోహము ఏమి చేయగలదో జపాను చూపినది. జింజు నది పరివాహక ప్రాంతమున కమియోక గనినుండి వచ్చిన కాడ్మియము వరిమళ్ళలో చేరి, ఆ బియ్యము తినిన వారి మూత్రపిండములను, ఎముకలను పాడుచేసెను. రోగులు 'ఇటాయి, ఇటాయి', అనగా 'నొప్పి, నొప్పి' అని మూల్గుటచే ఆ వ్యాధికి అదే పేరు వచ్చెను. దానికి కాడ్మియము కారణమని 1968లో ఆ ప్రభుత్వము అంగీకరించెను. అది జింకు గని. మినమాటా అఖాతమున పాదరసము చేపలద్వారా మనుష్యులను చేరి కలిగించిన వ్యాధి 1956లో బయటపడెను. అక్కడి విషపుబురదను తీసి, కట్టకట్టి, 58 హెక్టార్ల నేలక్రింద పూడ్చుట 1977లో మొదలై 1990 వరకు సాగెను. విశాఖలో అట్టి వ్యాధి వచ్చినదని ఎవరును అనలేదు. లోహము ఉండుట వేరు, అది ప్రాణి శరీరములోనికి ఎక్కుట వేరు. కాని బురదలో పురుగులున్నవి, పురుగులను తిను రొయ్యలు, చేపలు ఉన్నవి, ఆలుచిప్పలున్నవి, వాటిని పట్టి తిను, అమ్ము బెస్తవారున్నారు. ఈ గొలుసులో ఏ కొక్కెము ఎంత లోహమును మోయుచున్నదో ఎడతెగక కొలుచుచుండుటయే జపాను నేర్పిన పాఠము.

మూతపడినను మిగిలినది

1974లో జలకాలుష్య నివారణ చట్టమును, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టమును వచ్చినవి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారము దేశమున తీవ్రముగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతములలో విశాఖ ఒకటి. 2012లో జింకు కర్మాగారము మూతపడెను. మురుగునీటిని శుద్ధిచేయు పనులు పెరిగినవి. పైన చేరు లోహము తగ్గినచో కాలక్రమమున క్రొత్తపొర శుభ్రముగా పడును; పాతపొరను కప్పును. ఇది ఆశ కలిగించు విషయము.

కాని పాతపొర ఎక్కడికిని పోలేదు. కుళ్ళు పదార్థము కాలక్రమమున నశించును; చమురును సూక్ష్మజీవులు మెల్లగా తినివేయును; లోహము మూలకము గనుక దానిని ఏ జీవియు, ఏ కాలమును నశింపజేయలేదు. దానికి స్థలము మారును, రూపము మారును, అంతియే. కర్మాగారపు ద్వారము ఒక దినమున మూయవచ్చును. దాని లెక్క ఒండ్రులో తెరచియే ఉండును. అందుచేత లోపలి రేవును లోతుచేయునపుడెల్ల ముందుగా అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఈ బురద ఏ సంవత్సరములది? ఇందేమున్నది? తీసినపిమ్మట దీనిని ఎక్కడ ఉంచెదరు? ఈ మూడింటికి సమాధానము ముందే చెప్పగల రేవు, తన చరిత్రను తాను చదివిన రేవు.